నిచ్చెన బండి

ఫిబ్రవరిలో నాకు నిద్ర తక్కువ.
మార్చిలో బడులు తెరుస్తారు గనక
సియోల్ నగరం సగం ఈ నెల్లోనే
మంచాలు విప్పి మళ్ళీ బిగించుకుంటుంది.
మా క్యాలెండర్లో దెయ్యాలు తిరగని రోజులని కొన్ని ఉంటాయి.
ఇల్లు మారేవాళ్ళంతా వాటికోసమే కొట్టుకుంటారు,
ఆ రోజుల్లో నా రేటు ఎక్కువ.
దెయ్యాల సంగతి నాకు తెలియదు.
లారీ కిస్తీ సంగతి తెలుసు.

నా పనల్లా
బండి మీది ఇనప నిచ్చెన చాచి
తొమ్మిదో అంతస్తు కిటికీకి ఆనించడం.
లిఫ్టు ఒప్పుకోనివన్నీ గాల్లోంచి వెళ్తాయి:
బీరువా, ఫ్రిజ్జు, కిమ్చీకి వేరే ఫ్రిజ్జు,
ఒకసారి చేపలతో సహా చేపల తొట్టి.

దేచీ పేటలో ఈ అపార్ట్‌మెంట్లు నా ఈడువి.
కుళాయి తిప్పితే ముందు తుప్పు, తర్వాత నీళ్ళు.
కార్లు ఒకదాని ముందొకటి న్యూట్రల్లో వదిలేస్తారు,
పొద్దున్నే వాటిని భుజంతో నెట్టుకుంటూ
నా బండికి చోటు తవ్వుకుంటాను.
అయినా వీటి ధర వింటే
నిచ్చెన దానంతటదే ముడుచుకుంటుంది.
ఎందుకంటే, అదిగో, రోడ్డు దాటితే బడి.
బడి దాటితే ట్యూషన్లు, అంతస్తుకు నాలుగు.
రాత్రి పదింటికి ఆ మేడలు
పిల్లల్ని ఒక్కసారిగా ఒలకబోస్తాయి.

ఇవాళ వచ్చినావిడ పేరు ప్యో మ్యోసన్.
ఇంచన్‌లో మూడు గదుల సొంతిల్లు అద్దెకిచ్చి
ఇక్కడ గదిన్నర తీసుకుంది.
నెలకి అద్దె లేదు, డిపాజిట్టే ఒక ఇంటి ఖరీదు.
తమ్ముడి దగ్గర కొంత, బ్యాంకు దగ్గర చాలా.
నాకంటే ముందే టేపు పట్టుకుని వచ్చి
గోడలు కొలిచింది, కిటికీ కొలిచింది,
గుమ్మంలో నిలబడ్డ కూతురి భుజాలు కూడా
కొలుస్తుందేమో అనుకున్నాను.

పియానో దగ్గర వచ్చింది చిక్కు.
నిచ్చెనెక్కింది, కిటికీ దాకా పోయింది,
లోపల మా బొంగ్‌సు చేతులు చాచి ఆగిపోయాడు.
"బెత్తెడు చాలదన్నా."
కిటికీ చట్రం ఊడదీశాం. ఇంకా రెండు వేళ్ళు.
"గోడంచు చెక్కితే పడుతుంది," అన్నాడు,
"కాని పెట్టేదెక్కడ? అక్కడ చదువు బల్ల ఉందిగా."

తొమ్మిదంతస్తుల ఎత్తున పియానో.
కింద ఆవిడ, తలెత్తి.
"దించేయండి" అంది,
బస్సులో ఎవరికో సీటిచ్చినంత తేలిగ్గా.

పిల్ల ఏడవలేదు. ఏడిస్తే నాకు తెలుసు ఏం చెయ్యాలో,
ముందు సీట్లో ఎప్పుడూ చాకొలేట్లుంటాయి.
దగ్గరికొచ్చి, చేతి తొడుగు తియ్యకుండానే
ఒక్క మెట్టు నొక్కింది.
ఇరవై రెండేళ్ళుగా నిచ్చెన మెట్లు గ్రీజు పూసి తుడిచేవాణ్ణి,
అంత చిన్న మెట్టు ఎక్కడికి ఎక్కిస్తుందో నాకేం తెలుసు.
"ఇదెక్కడికి పోతుంది?" అంది.
పాత సామాన్ల షాపుకి అని చెప్పాలి.
"నా దగ్గర గోడౌనుంది" అన్నాను.
లేదు.

ఆ కిటికీ కింద సిమెంటు మీద మూడు గీతలున్నాయి.
మూడూ నా నిచ్చెన రబ్బరు పాదానివే.
రెండు పైకెక్కించినప్పటివి,
ఒకటి, పెద్ద పరీక్ష అయిన వారానికి
ఒక కుర్రాడి పుస్తకాల అట్టపెట్టెలు, ముప్పై ఒకటి,
కిందికి దించినప్పటిది.
ఇక్కడ ఎవరూ ఉండిపోరు.
బడికి దగ్గరగా ఉంటారు, అంతే.

ఒకసారి మా ఆవిడా అడిగింది, మనమూ వెళ్దామా అని.
ఒక కాగితం మీద లెక్క వేశాను.
అది సీటు కింద ఉంది, మడత పెట్టి,
జాకీ రాడ్డు పక్కన.

చీకటి పడ్డాక నది దాటి ఇంటికి బయల్దేరాను.
స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా
వెనక తాళ్ళ మధ్య ఏదో ఒక తీగ మూలిగింది.
దారిలో ఎన్ని ఉన్నాయో
ఇన్నేళ్ళలో ఎప్పుడూ లెక్కపెట్టలేదు.
పదిహేడు.
మెల్లగా నడిపాను.