నీటి గీత

తాళాల గుత్తి నా చేతిలో పెట్టిన రోజు
మద్దిలేటి మొదట చూపించింది విగ్రహాలు కాదు,
గోడ మీద గీత.
నా భుజాలకు నాలుగు వేళ్ళ పైన,
ఎండిన బురద రంగులో,
ఆ చివర నుంచి ఈ చివరకు వంకర లేకుండా.
"సున్నం ఎయ్యనియ్యకు సారు,
ఎవలొచ్చి చెప్పినా ఎయ్యనియ్యకు.
తుంగభద్ర పెట్టిన దస్కతు ఇది."

నదికి అవతల కర్నూలు, ఇవతల మేము.
పాత తాలూకా కచేరీలో కింద ఒక గది, పైన ఒకటి.
తాటాకు కట్టలు నూట పదకొండు,
దారం ఊడిన కాయితం పుస్తకాలు,
చీర అంచుల నమూనా గుడ్డలు, రాగి రేకులు,
తలలేని నంది, ముక్కు విరిగిన ద్వారపాలకుడు.
దీన్ని మ్యూజియం అని మా బోర్డు ఒక్కటే అంటుంది.

ఆ అక్టోబరు రాత్రి
ఆకాశం ఖాళీగానే ఉందట, చుక్కలు కూడా ఉన్నాయట.
ఎగువన ఎక్కడో కురిసిన వాన
రెండున్నరకు గడప దాటి వచ్చింది.
ఆపద వస్తే ముందు ఏవి తీయాలో
హైదరాబాదు నుంచి వచ్చిన జాబితా ఒకటుండేది,
మూడు ప్రతులు, గుండ్రటి ముద్ర.
కింది సొరుగులో భద్రంగా పెట్టారు.
అన్నిటికన్నా ముందు మునిగింది అదే.

మిగిలింది మద్దిలేటి, ఊడ్చే జములమ్మ,
పద్నాలుగు మెట్లు.
"రాయికేమైతది? బురదల పండుకుంటది, కడిగితే లేస్తది.
రాగికి చిలుం బడ్తది, సావదు.
తాటాకును ఇడిస్తె మల్ల దొర్కదు."
అన్నాడు గాని
మొదట ఆయన ఎత్తింది తాటాకులు కాదు, రిజిస్టరు.
ఏది ఏదో చెప్పే పుస్తకం పోతే
దక్కినవీ పోయినట్టే అని
అంగీ లోపల పొట్టకు కట్టుకున్నాడు.
జములమ్మ గంపలో కట్టలు, తల మీద,
నాట్లకు నారు మోసినట్టు.
మోకాలు, తొడ, నడుము.
పదకొండోసారి దిగేసరికి
బీరువా తేలుతూ ఎదురొచ్చిందట.

తెల్లారి ఫోనులో పట్నం మేడమ్:
ఎండలో వేయకండి, బూజు పట్టకముందే
తడి కాయితాలు మంచులో పెట్టండి.
కరెంటు లేని ఊళ్ళో మంచు!
చేపల నబీసాబ్ పెట్టెలు తెచ్చాడు.
కొర్రమీను పడుకునే చోట
పాత భూమి లెక్కలు, ఒక వైద్యం పుస్తకం,
పేరు తెలియని ఎవరో రాసుకున్న ఊయల పాటలు
నాలుగు రోజులు చలికి ముడుచుకుని పడుకున్నాయి.
మగ్గం గుంట నిండా ఒండ్రు పేరుకున్న ఉసేనప్ప
అటక మీద తడవకుండా మిగిలిన పడుగు నూలు దించి
పై గదికి అడ్డంగా దారాలు కట్టాడు.
చీర కావలసిన నూలు మీద
ఒక్కో పుటా ఆరింది.
ఇప్పటికీ ముసురు పట్టిన రోజు
వైద్యం పుస్తకం తెరిస్తే కవురు కొడుతుంది.
రిమార్కుల గడిలో మద్దిలేటి చేతిరాత:
'నీసు వాసన. పోదు.'

నష్టం రాసుకోవడానికి వచ్చిన ఆఫీసరు
ప్రతి వస్తువుకూ ఒక వరుస నింపాడు.
నీదేం పోయిందని అడిగే గడి
ఆ ఫారంలో లేదు.
మూడు వీధుల కింద ఆయన ఇంట్లో
భార్య ఫోటో ఒక్కటే ఉండేది,
స్టూడియోలో ప్లాస్టిక్ పూల పక్కన నిలబడి తీయించుకున్నది.
ఫ్రేము దొరికింది. అద్దమూ దొరికింది.
లోపల కాయితం తెల్లగా.
ఇది నాకు జములమ్మ చెప్పింది. ఆయన చెప్పలేదు.

ఇప్పుడు జాబితా గోడకు అంటించాను,
గీతకు జానెడు పైన, పెద్ద అక్షరాల్లో.
వేపాకు పొట్లాలు మార్చడం, చెదల దారి వెతకడం,
ప్లగ్గు పీకి గాని ఇంటికి పోకపోవడం అలవాటైంది.
మృగశిరకు ముందు ఒక ఆదివారం
పదో తరగతి పిల్లలతో ఉత్తుత్తి వరద ఆడతాం.
గంట కొట్టగానే గంపలెత్తి పరుగు.
రిటైరైన మద్దిలేటి కుర్చీలో కూర్చుని కేకేస్తాడు:
"మెల్లగ రా బిడ్డా, ఆఖరు మెట్టు ఎత్తెక్కువ!"

మొన్న పిల్లలు వెళ్ళాక రిజిస్టరు తిప్పుతుంటే
చివరి పుటలో నంబరు లేని వరుస ఒకటి.
'ఫోటో. ఆడమనిషి. నీలం చీర.'
స్థితి అన్న గడి ఖాళీ.
నంబరు వేయాలా వద్దా అని
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
ఎగువన మెరుస్తోంది.
లేచి కిటికీ వేశాను.