నాలుగో వరుస

మంగళవారం కరెంటు ఉండదట.
మేస్త్రి గోడ మీద సుద్దతో రాసి వెళ్ళాడు.
బాయిలరు చల్లారే రోజు ఒకటి దొరికింది మాకు,
ఎవరూ ముందు చెప్పని పండగలా.

"సముద్రానికి ఎల్దుమా?" అన్నాను,
జీడిపిక్క మీద పొట్టు గీరుతూ, తల ఎత్తకుండా.
బల్లకి అటువైపు ఆరు జతల చేతులు ఆగాయి.
ఇక్కడ చెయ్యి ఆగితే కిలో తగ్గుతుంది.
అయినా ఆగాయి.

వజ్రపుకొత్తూరు దాటాక, ఇసక దారి చివర,
అటవీశాఖ వాళ్ళ సరుగుడు తోట ఉంది.
ఇప్పుడు దాన్ని పార్కు చేశారు.
రెండు సిమెంటు బెంచీలు, ఒక ఉయ్యాల, ఒక బోరింగు.
"ఇంకేటుంటాదే?" అంది హైమ.
"సప్పుడుండదు."
"సప్పుడు లేకపోడం సూడ్డానికి
ఆటోకి డబ్బులెట్టాలేటే!"
నవ్వారు అందరూ.
నవ్వు కూడా కటింగు మిషన్ల మీదుగా
అరిచి నవ్వాలి ఇక్కడ.

పాత కూలి చీటీ వెనక లెక్క రాశాను.
ముఖలింగం ఆటో, రానూపోనూ ఆరు వందలు.
ఏడుగురం. ఏడుతో తెగలేదు,
ఐదు రూపాయలు మిగిలాయి.
"ఆ అయిదూ నాను ఏస్తాన్లే" అంది సుందరి,
ఏదో ఆస్తి రాసిచ్చినట్టు.

హైమ పులిహోర.
సుందరి ఎండునెత్తళ్ళ వేపుడు.
మంగళవారం నీసు ముట్టని జమునకి
విడిగా రెండు ఆవకాయ బద్దలు.
నీళ్ళు పెద్ద టిక్కీతో ఒకటి,
బోరింగు నీళ్ళు ఉప్పగా ఉంటాయేమో ఎవరికి తెలుసు.
చేతులకి ఆముదం రాసుకు రావద్దు, ఇసక అంటుకుంటుంది.
(రాసుకోకపోతే పిక్క జీడికి కాలిన చోట్లు మండుతాయి.
సరే, రాసుకునే రండి.)
నీళ్ళలోకి దిగేది లేదని అందరూ ఒట్టు పెట్టారు.
అందరూ సంచిలో ఇంకో చీర పెట్టుకుంటారని నాకు తెలుసు.
ఆరున్నరకి కాశీబుగ్గ మూడు రోడ్ల దగ్గర.
ఏడైతే ఎండ మనకంటే ముందు వెళ్ళి కూర్చుంటుంది.

గుమ్మం పక్కన దాలప్ప
గుడ్లు ఒక వైపు, బద్దలు ఒక వైపు, ముక్కలు ఒక వైపు
ఏరుతూనే ఉంది.
ఆమెని ఎవరూ లెక్కలో వెయ్యలేదు.
ఆమె ఎక్కడికీ రాదు.

"గేటుకి టికెట్టేటి?" అంది ఉన్నట్టుండి.
"మనిషికి పది, అప్పా."
చాట కింద పెట్టింది.
"నాను నాటిన సెట్టుకి
నానే టికెట్టు కొనాలేటి?"

తుఫానులకి ఇంకా పేర్లు పెట్టని కాలం.
ఒకటి వచ్చి ఊళ్ళు ఊడ్చుకుపోయిన ఏడు
సముద్రానికి అడ్డం చెట్లు కావాలన్నారట.
ఇసకలో చెలమ తవ్వి, కుండతో మోసి,
మొక్కకి చెంబుడు.
ఒక్కో మనిషికి ఒక్కో వరుస.
ఎండిన మొక్కకి కూలి కోత.
జానెడుండేవట, దవనం రెమ్మల్లాగ,
జడలో పెట్టుకోవచ్చనిపించేదట.
"నాలుగో వరస నాది.
రెండే సచ్చాయి."

"మళ్ళీ ఎప్పుడూ ఎల్లలేదా అప్పా?"
"ఏం పనుందని?"

చీటీ మీద ఇంకో పేరు రాశాను.
ఆరు వందలు ఎనిమిదితో సుబ్బరంగా తెగింది.
సుందరి ముఖం మాత్రం చిన్నబోయింది.
ఎనిమిది మందంటే ముఖలింగం గొణుగుతాడు,
టైరు చూపిస్తాడు, గొణగనీ.
టికెట్టు మేం కొంటామంటే దాలప్ప ఒప్పుకోలేదు.
"గేటుకాడ గుంటడితో నాను మాటాడతాను."

ఆ గుంటడు ఆమెకేం జవాబు చెబుతాడో,
తోటంతా వెతికితే ఆ వరుస దొరుకుతుందో లేదో,
తెలుసుకుందామని ఇంకొకటి అడిగాను:
"నాలుగోదంటే ఎటునించి అప్పా?
సముద్రం వైపు నించా, రోడ్డు వైపు నించా?"

దాలప్ప కాసేపు అరచేతిలో పిక్కని తిప్పి చూసింది.
గుడ్ల వైపు వేసింది.

"అప్పుడు రోడ్డు లేదు" అంది.