నాలుగింటి అన్నం

ఆయన పేరు ఎవరిస్తో.
మనామాలో దిగిన తొలిరోజు ఆ పేరు విని
నవ్వాపుకోలేకపోయాను.
ఎవరిస్తారో, ఏమిస్తారో అనుకుంటూనే కదా
అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోసి
విమానమెక్కాను.

ఏ దేశపు దొరో, ఆ దేశం పేరు
నాకిప్పటికీ సరిగ్గా పలకడం రాదు.
ఒకప్పుడు కాన్సులట.
ఇప్పుడు చమురు కంపెనీ అల్లుడి ఇంట్లో
కిటికీ పక్క కుర్చీ.
కారు తోలడం, ఆయన్ని కనిపెట్టుకునుండటం నా పని.
రెంటచింతల ఎండలో పుట్టి పెరిగినవాణ్ణి,
ఇక్కడి జూలై నన్నూ లెక్కచేయలేదు.

శుక్రవారమే మాకు ఆదివారం.
తిరుహృదయ గుడిలో చివరి బల్ల మీద కూర్చునేవాడు,
సత్ప్రసాదానికి మాత్రం లేచేవాడు కాదు.
ఒంటిగంటకి కంచం పెడితే తోసేసేవాడు.
నాలుగు కొట్టాకే ముద్ద.
ముసలితనపు చాదస్తం అనుకున్నాను.

కరెంటు పోయి ఏసీ ఆగిన ఒక రాత్రి
తనంతట తానే చెప్పాడు,
నా ముక్కల ఇంగ్లీషుకి సరిపడా ముక్కలు చేసి.
మంచు కురిసే ఊరు. యుద్ధం.
యూదుల్ని ఇళ్లలోంచి లాగి
రైళ్లలో కుక్కుతున్న రోజులు.
ఆఫీసు మెట్ల నిండా జనం,
చంకల్లో పిల్లలు, చేతుల్లో వెండి గరిటెలు,
ఒకావిడైతే తన పెళ్లి దుప్పటి తెచ్చిందట.
ఏదీ పుచ్చుకోలేదు, ముద్ర కొట్టాడు.
వీసా కాగితాలు అయిపోతే
చాకలిపద్దుల వెనక రాసిచ్చాడు.
ఆపమని పైనుంచి తంతి వస్తే
మడిచి కుంటిబల్ల కాలికింద పెట్టాడు.
"బల్ల ఊగితే సంతకం వంకరపోతుంది కదా, సౌరీ."

ఎంతమంది బతికారయ్యా అన్నాను.
ఆ లెక్క చెప్పలేదు.
ఒక చెప్పులు కుట్టేవాడి సంగతి చెప్పాడు.
పెళ్లాం, ముగ్గురు పిల్లలు, పెద్దదానికి జ్వరం.
ఒంటిగంటకి తలుపు కొట్టారు.
అప్పటికి మూడు రాత్రులు నిద్ర లేదు ఈయనకి,
ముందర వేడి సూపు.
నాలుగింటికి రండి అన్నాడు.

నాలుగింటికి వీధి ఊడ్చినట్టుంది.

ఆ సూపు రుచిగా ఉందట.
నలభై ఏళ్లయినా
నాలుక మీంచి పోలేదట.

సిత్రా క్యాంపులో మా రాయప్పకి
తల్లి పోయిందని టెలిగ్రాం వచ్చింది.
పాస్‌పోర్టేమో కఫీలు బీరువాలో.
అదీ ఇదీ ఒకటి కాదు, నాకు తెలుసు.
మా కోసం ఎవరూ రైళ్లు తేలేదు.
కారులో మాటవరసకి అన్నానంతే.
"బండి తిప్పు" అన్నాడు.

చేరేసరికి ఒంటిగంట దాటింది.
గుమాస్తా తాళం వేస్తున్నాడు,
భోజనమయ్యాక, నాలుగింటికి రమ్మన్నాడు.

ఎవరిస్తో మెట్టు మీద కూర్చున్నాడు.
డెబ్బై ఆరేళ్ల మనిషి
కోటు గుండీలన్నీ పెట్టుకుని
పెనంలా కాలే సిమెంటు మీద.
గుమాస్తా బతిమాలాడు, నేనూ బతిమాలాను.
గొడుగు పడితే కర్రతో పక్కకి నెట్టాడు.
"మీరు తినండి. నేనిక్కడే ఉంటాను."
ఎవడికి మింగుడుపడుతుంది?
ఆ కేరళ అబ్బాయి టిఫిను డబ్బా మూత మళ్లీ బిగించి
తాళంచెవి కోసం ముదీరు ఇంటికి ఫోను చేశాడు.
అవతలి అరుపులు మాకూ వినిపించాయి.
రెండుంపావుకి బీరువా తెరుచుకుంది.

రాయప్ప ఊరు చేరేసరికి
సమాధి మీద మట్టి ఆరిపోయింది.
అయినా వెళ్లాడు.

ఆ రోజైనా వేళకి తింటాడని
గబగబా వడ్డించాను.
గడియారం వైపు చూసి
కంచం మీద మూత పెట్టాడు.

ఇప్పుడు రెంటచింతలలో నాకొక ఇల్లు,
ఇంటికొక రేకు తలుపు.
అన్నం ముందు కూర్చున్నాక ఆ తలుపు చప్పుడైతే
తినేసి లేవచ్చుగా అంటుంది మా ఇన్నాసమ్మ.
ఎంగిలి చేత్తోనే లేస్తాను.
చాలాసార్లు గాలే.