పసుపు, మైనస్ ఆరు

పారామరిబోలో వానాకాలం.
పెట్టె తెరిచిన గంటకే ఫొటో కాగితం
అప్పడంలా అంచులు లేపుతుంది.
ఇంకు ఆరదు. ఆరిందో లేదోనని వేలు పెడితే
నాన్న చెంప నా వేలికి అంటుకొచ్చింది.

రేపు ఎనిమిదో రోజు.
చీకటిపడ్డాక జనం వస్తారు,
తెల్లారేదాకా పాడతారు,
వాళ్ల మధ్యలో నిలబెట్టడానికి ఒక ముఖం కావాలి.
ఆదివారం స్టూడియోలు తెరవరు.
అందుకే వంటింటి బల్ల మీద ప్రింటరు,
ఆరు బుడ్ల రంగులు,
నైట్ డ్యూటీలకు అలవాటుపడ్డ నా కళ్లు.

మొదటి కాగితంలో నాన్న బూడిద.
తెర వెలుగు మరీ పెంచుకున్నాను;
తెర దీపం, కాగితం గోడ,
దీపంలో కనిపించినంతా గోడ మీద కనిపించదు.
సగానికి తగ్గించాను.

రెండోదాంట్లో ఎర్రగా, సిగ్గుపడ్డట్టు.
హరాల్డ్ అనే మనిషి జన్మలో సిగ్గుపడలేదు.
రంగుల పెత్తనం కంప్యూటరూ చేస్తోంది, ప్రింటరూ చేస్తోంది,
ఇద్దరు ఉప్పేసిన పులుసు.
ప్రింటరు నోరు నొక్కాను.

మూడోది దగ్గరికొచ్చింది.
కానీ ఎక్కడో పసుపు జీర.

రోటర్‌డామ్ నుంచి తమ్ముడు ఫోను.
"కొంచెం తెల్లగా చెయ్యక్కా, ముఖం కనబడాలిగా."
ఎవరికి కనబడాలి, లుడ్విక్?
మీర్‌జోర్ఖ్ రేవు దాటించుకున్న వాళ్లందరికీ
ఆ చాయ తెలుసు:
తడిసిన పడవ చెక్క,
కణతల దగ్గర ఇంకో పూత ఎక్కువ.
పోల్చుకుందామంటే పక్కన పెట్టడానికి
ఇప్పుడు ఆ చెయ్యి లేదు.
నాది పెట్టాను. నాది అమ్మ రంగు.

ట్యూబులైటుది తప్పేమోనని
వరండా బల్బు కిందికి తీసుకెళ్లాను.
కాగితం తయారుచేసిన కంపెనీని తిట్టాను.
పసుపు మైనస్ రెండు.
మైనస్ నాలుగు.
మైనస్ ఆరు దగ్గర ముఖం కుదిరింది,
నాన్న నాన్నలాగే ఉన్నాడు,
చొక్కా నీలమైంది.

ఆ చొక్కా తెల్లది.
డెబ్బై నిండిన రోజున, బీగీ యారి పొద్దున,
నేనే ఇస్త్రీ చేశాను.

వెనక్కి సున్నాకి తెచ్చాను.
చొక్కా తెలుపు. బల్లగుడ్డ తెలుపు.
కేకు మీది చక్కెర తెలుపు.
తెరను నాలుగింతలు పెద్దది చేసి
నాన్న కంట్లోకి వెళ్లాను.
తెల్లగుడ్డు తెలుపు కాదు.

కామెర్ల కంటికి లోకం పచ్చనంటారు.
ఇక్కడ లోకం తెల్లగానే ఉంది.

ఇరవై రెండేళ్లుగా
పరాయివాళ్ల కింది రెప్పలు లాగి చూసిన చేతులివి.
"నల్లటి ఒళ్లు చెప్పదు, కంట్లో వెతకండి,
నాలుక కింద వెతకండి" అని
కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేది నేనే.
ఆ రోజు నాన్న పక్కనే నిలబడి
కత్తి మీద చెయ్యి వేసి కేకు కోశాను.
ఫొటోలో నా మోచెయ్యి ఉంది,
నవ్వుతున్న నా సగం నోరుంది.
డాక్టరు ఆ మాట చెప్పింది మూడు నెలల తరవాత.
యంత్రానికి అప్పుడే తెలుసు.
రాత్రంతా దాని నోరే నొక్కుతున్నాను నేను.

తెల్లవారుజామున అమ్మ లేచొచ్చింది.
బల్ల నిండా పరిచిన మొగుళ్లను చూసింది,
బూడిదవాణ్ణి, సిగ్గరివాణ్ణి, నీలం చొక్కావాణ్ణి.
మూడో కాగితం తీసి కిటికీ దగ్గరికి నడిచింది.
వాన వెలుతురులో చాలాసేపు పట్టుకుంది.
"ఆ రోజు చేప ముట్టలేదు" అంది.
"తన కేకు ముక్క నా పళ్లెంలో పెట్టి,
తిన్నవాడిలా మూతి తుడుచుకున్నాడు."

నీకు తెలుసా అని అడగలేదు.
అడిగితే నన్నూ అడుగుతుంది.

"తమ్ముడు తెల్లగా చెయ్యమన్నాడు" అన్నాను.
"వాడు అప్పుడు రాలేదుగా" అంది.

కొత్త కాగితం పెట్టాను.
పసుపు, సున్నా.
ప్రింటరు మూలుగుతూ
నుదుటి నుంచి మొదలుపెట్టింది.
కళ్ల దాకా వచ్చేసరికి
అమ్మ లేచి, పొయ్యి వెలిగించి, నీళ్లు పెట్టింది.