ఆలస్యానికి కారణం

వారానికి రెండు బండ్లు.
మంగళవారం సముద్రం వైపు పోయేదొకటి,
శనివారం గనుల వైపు తిరిగొచ్చేదొకటి.
రాత్రి రెండింటికి రావాలి.
మర్నాడు పొద్దెక్కాక వచ్చినా
మా ఊళ్ళో దాన్ని రెండింటి బండి అనే అంటారు.

మొక్కజొన్న చేలు దాటాక, మియొంబో అడవి అంచున
చీనావాళ్ళు కట్టిపోయిన గది నాది.
ఒక బల్ల, ఒక లాంతరు, మోగని ఫోను,
వెలిసిపోయిన పచ్చజెండా.
రిజిస్టరులో మూడు గళ్ళు:
వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, ఆలస్యానికి కారణం.
మూడో గడి నిండినట్టు
మా గరిసెలు ఏ ఏడూ నిండలేదు.

ఇంజను చెడింది. పట్టా జరిగింది. డీజిలు లేదు.
ఒకసారి ఏనుగు అని రాశాను.
ఏనుగు ఏం చేసిందని
పైవాళ్ళెవరూ అడగలేదు.

డిసెంబరు వానలకి
చెదపుట్టల మీద గొడుగులు లేస్తాయి.
పేరుకి తగ్గట్టు గొడుగులే,
చినుకు పడితే పిల్లని కింద దాచొచ్చు.
తట్టకి మూడే పడతాయి.
నమోంజె చీకట్లోనే వాటిని పెరికి తెచ్చి,
వీపున కట్టిన చంటిదానితో
ప్లాట్‌ఫారం మీద
(ప్లాట్‌ఫారం అంటే ఎర్రమట్టి గట్టు)
తట్ట మీద చెయ్యేసి కునుకు తీస్తుంది.

బండి ఆగేది మూడు నిమిషాలు.
వారమంతా అందులోకే దూరాలి:
వేరుశనక్కాయలు, కర్రపెండలం, కాళ్ళు కట్టిన కోళ్ళు,
చిల్లర లేదన్న మాట.

పోయిన మంగళవారం
ఆరో పెట్టె కిటికీలోంచి ఒక చెయ్యి
అన్నిటికన్నా పెద్ద గొడుగుని అందుకుంది.
రెండో చెయ్యి ఇంకా జేబులో ఉండగానే
నేను జెండా ఊపాను.
రూలు ప్రకారమే ఊపాను.
పట్టాల వెంట ఆమె పరుగు,
వీపు మీద పిల్ల తల ఎగిరెగిరి పడటం,
తిరిగొచ్చి నన్నేమీ అనకపోవటం.
ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

"మొహం చూశావా?" అన్నాను.
"చెయ్యి చూశాను, బా సింఫుక్వే.
బొటనవేలికి గోరు లేదు.
పోయినవాడు తిరిగి రాకపోతాడా!"

శనివారం బండి ఆదివారం వచ్చింది.
నమోంజె తట్ట లేకుండా వచ్చింది.
కిటికీ కిటికీకీ నిలబడి
చేతులు చూపించమంది.
నవ్వారు. తిట్టారు.
కొందరు మాత్రం పంతులు ముందు బడిపిల్లల్లా
నిజంగానే చాపారు.
మూడో నిమిషం అయిపోయింది.
ఇంకా నాలుగు పెట్టెలున్నాయి.
డ్రైవరు తల బయటికి పెట్టి నా వైపు చూశాడు.

ఇరవైరెండేళ్ళ నౌకరీలో మొదటిసారి
జెండా చంకలో ఇరికించుకుని
బూటు లేసు కట్టుకోడానికి వంగాను.
కట్టాను.
విప్పి, మళ్ళీ కట్టాను.

ఆమె చివరి పెట్టె దాకా పోయి వచ్చింది.
గుప్పిట మూసే ఉంది.
అందులో ఏముందో నేను అడగలేదు.

బండి వెళ్ళాక
దుమ్ము అణిగాక
మూడో గడిలో, దిద్దిదిద్ది,
పుట్టగొడుగు అని రాశాను.
ఈసారి ఎవరైనా అడిగితే బాగుండు.