ఎనిమిది మూలల కుట్టు

నల్లగుడ్డ మీద తెల్లసిలువ కుట్టుడు
అనుకున్నంత అల్క పని కాదు.
నాలుగు చేతులు, ఒక్కో చేతికి రెండు కొసలు.
ఎనిమిది మూలల కాడ ఎనిమిది మాట్ల సూది ఆగాలె.
ఆగకపోతే మూల మొద్దువారుతది,
సిలువ పోయి బీరపువ్వయితది.

కాజీపేట బ్రిడ్జి కింద నా మిషను.
రైలు పోయినప్పుడల్ల
బల్ల మీది కత్తెర దానంతట అదే నోరు తెరుస్తది.

గార్డు పని దిగిపోయినంక రాయప్ప
ఆ బొమ్మను కాగితం మీద గీసుకొచ్చిండు.
"రాజలింగం, నన్ను నైటు జేస్తున్నరు."
"ముప్పయ్యారేండ్లు నైటు డ్యూటీ జేస్తివి గద,
ఇంక గూడనా?" అన్న.
ఎర్రజెండా పచ్చజెండా పట్టిన చేతులు
రెండూ ఒక్కసారే నవ్వినయి.

ఎనిమిది కొసలంటే ఎనిమిది భాగ్యాలట.
నేను కొస తిప్పినప్పుడల్ల ఒక్కోటి చెప్పిండు.
దీనులు. ఏడ్చెటోళ్ళు. నెమ్మదస్తులు.
నీతి కోసం ఆకలిగొన్నోళ్ళు...
ఆడికొచ్చెసరికి దారం తెగింది.
మిగిలిన నాలుగు నాకు ఇయ్యాల్టికీ తెల్వయి.
కుట్టు మాత్రం ఎనిమిదీ పడ్డది.

ఆరుద్ర కార్తె జొచ్చిన మూడోనాడు యోహాను పండుగ.
ముందటి రాత్రంత గుడిల ఒక్కడే
మోకాళ్ళ మీద ఉన్నడట, బట్ట సంకల వెట్టుకొని,
ఆఖరి డబ్బాల లాంతరు పట్టుకొని
పట్టాల చీకటిని చూసుకుంట కూసున్నట్టే.
పొద్దున పట్నం నుంచి వచ్చిన పెద్దాయన కత్తి దూసిండు.
మొద్దు కత్తి. పిట్ట వాలినట్టు
ఈ భుజం మీద ఓసారి, ఆ భుజం మీద ఓసారి
వాలి లేచింది.
అందరు కత్తిని చూస్తుంటే
నా కన్ను కుట్టు మీదనే ఉన్నది.
ఎడమ దిక్కు కింది కొస జెర లేసినట్టున్నది.

అప్పుడు చదివిన ప్రమాణంల ఒక మాట:
"రోగులు మా దొరలు. మేము వాళ్ళ దాసులం."

ఆ మాపటికే గుట్టకింది కుష్టు కాలనీకి పోయిన్రు.
పన్నెండుమంది, నల్లబట్టలు విప్పి
జీపు సీట్ల మీద మడిచి, లుంగీలు ఎగజెక్కి.
బకీట్లు, గోరువెచ్చటి నీళ్ళు, దూది, వ్యాసలీను.
వేళ్ళు పోయిన కాళ్ళను
ఒళ్ళె వెట్టుకొని కడిగిన్రు.
ఐలుమల్లు కాళ్ళ కాడ కూసున్న రాయప్ప
ప్రమాణం మరువకుంట అడిగిండు:
"నీళ్ళు కాలుతున్నయా దొరా?"

ముసలోడు కాళ్ళు గుంజుకున్నడు.
నీళ్ళ వేడి తెల్వని కాళ్ళు
మాట వేడికి ఉలికిపడ్డయి.

"ఆ మాట అనకు బిడ్డా.
మా అయ్య గడి ముంగట వంగిన మాట అది.
చెప్పులు సంకల వెట్టుకొని నడిచిన మాట.
కాళ్ళు కడిగితె కడుగు.
నన్ను దొరను జెయ్యకు."

రాయప్ప తండ్రి గూడ
ఆ గడిల వెట్టి జేసినోడే.
నాకు తెల్సు. అతనికీ తెల్సు.
ఏ దేశంలనో ప్రమాణం రాసినోళ్ళకు తెల్వదు.

"మరేమని పిల్వాలె?"

ముసలోడు చాన సేపు మాట్లాడలే.
దూరంగ బొగ్గుబండి పోతనే ఉన్నది.
అలవాటు పోక రాయప్ప డబ్బాలు లెక్కవెట్టిండు,
యాభై ఎనిమిది.
ఆఖరి డబ్బా దాటినంక వినబడ్డది:

"ఐలుమల్లు అను.
ఆ పేరు వెట్టి ఎవరన్న పిలిచి
పందొమ్మిదేండ్లాయె."

తెల్లారి కొస సరిజెయ్యమని బట్ట తెచ్చిండు.
మడత ఇప్పితే మెత్తటి ఆరుద్ర పురుగొకటి
నల్లగుడ్డ మీద ఎర్రగ నడుస్తున్నది.
కొసదాక పొయ్యి, ఆగి, మళ్ళింది.
దాన్ని గడ్డిల ఇడిసి కుట్టు విప్పిన.

ప్రమాణం ముచ్చట రాయప్ప ఎత్తలే, నేను అడగలే.
సూదిల దారం ఎక్కిస్తుంటే
"ఐలుమల్లు... ఐలుమల్లు..." అని
బడిపోరడు పాఠం అప్పజెప్పినట్టు
లోపల్లోపల అనుకుంటున్నడు.

ఇరవై రూపాయలు తీసుకున్న.
అల్క పని కాదు గద.