చుక్కలు తిప్పే ఆట

సిరోంచ బస్టాండు ఎదురుగ నా కొట్టు.
పగిలిన అద్దాలు మారుస్త,
నీళ్ళల్ల పడ్డ ఫోన్లను బియ్యం డబ్బాల పండవెడత.
ఎండాకాలం ప్రాణహిత సన్నవడ్డంక
అవతలి ఒడ్డు టవరు ఇటు దిక్కు వంగి
తెలంగాణకు స్వాగతమని మెసేజి వంపుతది.
నేను స్టూలు మీదనే ఉంట, ఎటూ పోను.

ఎవ్వలూ ఇడిపించుకపోని ఫోను ఒకటుంది నా దగ్గర.
టేకు డిపో వాచ్‌మెన్ ఇచ్చిపోయి మళ్ళ రాలే.
దాంట్ల నా బిడ్డ లాస్య ఎక్కించుకున్నది
పొద్దుగాల టీవీల వచ్చే బొమ్మల కథ ఆటను:
గుమ్మడి గల్లీ కుస్తీ.

ఎలుగుపిల్ల దిండుతోటి కొడ్తది.
కప్ప సబ్బు బుడగలు ఊదుతది.
ఇంకొకటి, దాని పేరు నాకు నోరు తిరగదు, బాతో కొంగో,
గొడుగు తెరిచి గిరగిర తిరిగి మీద పడ్తది.
ఎవల ఒంటి మీదా గీత పడదు.
ఓడినోడు చతికిలవడి కూసుంటడు,
నెత్తి చుట్టూ పసుపు చుక్కలు మూడు తిరుగుతయి,
అవి ఆగంగనే లేచి, బట్టలు దులుపుకొని
గెలిచినోనికి సలాం గొడ్తడు.
చావు అన్న ముచ్చటే ఆ ఆటల లేదు.

ఫోను బల్ల మీద పండవెట్టి
అటు సగం లాస్య, ఇటు సగం మడావి కైలాస్.
వాని నాయన అంకీస దిక్కు నుంచి
తునికాకు కట్టలు దింపను వస్తడు,
లారీ కదిలేదాక పిల్లగాడు నా కొట్ల.
బొమ్మలు హిందీల అరుస్తయి.
గెలిచిన లెక్క ఇద్దరూ బడి మరాఠీల చెప్తరు.
దెబ్బ తాకితే లాస్య "అవ్వో" అంటది,
వాడు గోండిల ఏదో అంటడు, నాకు సగమే సమజైతది.
ఏ భాషల మొత్తుకున్నా
కప్ప మాత్రం బుడగలే ఊదుతది.

నేను ఎరిగిన కొట్లాట వేరే.
ఏటి ఇసుకల పుచ్చతోట హద్దు కోసం
మా కాక చెవి తెగి బోర్లవడ్డడు,
ఎంతసేపైనా లేవలే,
కొట్టినోని చేతుల కర్ర లేపినకాన్నే ఆగిపోయింది.
ఎవ్వలూ సలాం గొట్టలే.
ఇరవై ఆరేండ్లైంది,
ఆ రెండిండ్లోళ్ళు ఒక్కపారి నల్ల కాడికి రారు.

మొన్న బేస్తారం బ్యాటరీ ఎర్రగైంది,
చివరి ఆట ఎవలిదని గుంజుకున్నరు.
లాస్య తోసింది. పెద్ద తోసుడేం కాదు గాని
కైలాస్ మెట్టు దప్పి
రోడ్డంచున కంకర మీద పడ్డడు.
మోకాలు పగిలింది.
రక్తం. నిజంది. కాలి వేళ్ళ దాక.

స్క్రూడ్రైవరు ఇడిచి నేను లేసేలోపు చూసిన:
నా బిడ్డ నిలవడి
వాని నెత్తి దిక్కే చూస్తున్నది,
ఏదో రావాలె, వస్తలేదు అన్నట్టు.
వాడు ఏడుస్తలేడు. వాడూ పైకే చూస్తున్నడు.
అహేరి బస్సు హారను కొట్టుకుంట పోయింది.

అప్పుడు లాస్య వాని పక్కన గొంతుకూసుంది.
మూడు వేళ్ళు చాపి
వాని నెత్తి చుట్టూ తిప్పుడు వెట్టింది,
మెల్లగ, చేతికి యాదికున్నంత గుండ్రంగ.
కుడిచెయ్యి గుంజితే ఎడమచెయ్యి మార్చింది.
వాడు ఇగ సాలన్నదాక తిప్పింది.

లేచిండు. నిక్కరు దులుపుకున్నడు.
సలాం గొట్టలే.
"నువ్వు తొండి" అన్నడు, మా తెలుగులనే.
నేను దూది తడిపి గాయం తుడిస్తే మండి
నన్ను గోండిల తిట్టిండు.
ఈసారి మొత్తం సమజైంది.

రాత్రి కొట్టు మూసి ఇంటికి పోతుంటే
నల్ల కాడ మా కాక ఒక్కడే,
తెగిన చెవి మీదికి తువ్వాల గుంజుకొని,
బిందె నిండినా కదలకుంట.
అవతలోళ్ళ దర్వాజ సందుల ఎవలో
ఈయన పోయేదాక ఆగి చూస్తున్నరు.
ఇద్దరి నడుమ నుంచే నా తోవ.
మూడు వేళ్ళు జేబుల్నే పెట్టుకొని
దాటొచ్చిన.